పొలంలో కూరుకుపోయిన ప్యాటన్: 1965 అసల్ ఉత్తర్ డయోరమాను 1/35లో కట్టే పద్ధతి

మిలిటరీ మోడల్ అనగానే చాలామంది ముందు కిట్ కొంటారు. ఆ తర్వాత రంగులు వెతుకుతారు. అంతా అయ్యాక ఒక చెక్క మీద కాస్త మట్టి, గడ్డి అంటించి దాన్ని డయోరమా అంటారు. చరిత్రకు తగ్గట్టు రావాలంటే ఈ వరుసను తిరగేయాలి. ముందు తేదీ, ఊరు ఖాయం చేసుకోవాలి. ఆ రోజు ఆ ఊళ్లో ఏ బండి ఉంది, ఏ పంట ఉంది, నేల తడిగా ఉందా పొడిగా ఉందా అని తెలుసుకున్నాకే కిట్ పెట్టె తెరవాలి. మిగతా నిర్ణయాలన్నీ ఆ తేదీ నుంచే వస్తాయి.

ఈ వ్యాసానికి నేను ఎంచుకున్నది పంజాబ్‌లోని ఖేమ్ కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ గ్రామం, 1965 సెప్టెంబర్ 8 నుంచి 10 వరకు జరిగిన ట్యాంకుల యుద్ధం. పాకిస్తాన్ 1వ ఆర్మర్డ్ డివిజన్ అమెరికా ఇచ్చిన ప్యాటన్ ట్యాంకులతో దూసుకొచ్చింది. మేజర్ జనరల్ గుర్‌బక్ష్ సింగ్ నాయకత్వంలోని మన 4వ మౌంటెన్ డివిజన్ గుర్రపు నాడా ఆకారంలో మోహరించి, పొలాల్లోకి నీళ్లు వదిలింది. ఎదిగిన చెరకు చాటున 3వ కావల్రీ రెజిమెంట్ సెంచూరియన్ ట్యాంకులు కాపు వేశాయి. 9వ డెక్కన్ హార్స్ రెజిమెంట్ పాత షెర్మన్ ట్యాంకులతో పోరాడింది. ఆ రెజిమెంట్ వేళ్లు నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్‌లో ఉన్నాయి కాబట్టి తెలుగువాళ్లకు ఈ యుద్ధం మరీ పరాయిది కాదు. మన సైన్యం లెక్క ప్రకారం పాకిస్తాన్ ఇక్కడ 97 ట్యాంకులు పోగొట్టుకుంది. కొన్ని చెక్కుచెదరకుండా బురదలోనే దొరికాయి. పట్టుబడ్డ ట్యాంకులను భిఖీవిండ్ దగ్గర వరసగా నిలబెడితే ఆ చోటుకు ప్యాటన్ నగర్ అన్న పేరు వచ్చింది.

దృశ్యం ఎంపిక: దూరాన్ని లెక్కలోకి తీసుకోండి

ఈ యుద్ధం అనగానే గుర్తొచ్చే పేరు 4 గ్రెనేడియర్స్‌కు చెందిన అబ్దుల్ హమీద్. జీపు మీద బిగించిన 106 ఎం.ఎం. రీకాయిల్‌లెస్ (కాల్చినప్పుడు వెనక్కి తన్నని) గన్‌తో ప్యాటన్లను కొట్టి, సెప్టెంబర్ 10న అమరుడయ్యాడు. మరణానంతరం పరమవీర చక్ర వచ్చింది. జీపును, ట్యాంకును ఒకే బేస్ మీద ఎదురెదురుగా పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఒక్కసారి లెక్క వేయండి. 1/35 స్కేల్‌లో, అంటే అసలు కొలతలో ముప్పై ఐదో వంతులో, 100 మీటర్లంటే దాదాపు 2.86 మీటర్లు. ఎంత దగ్గర నుంచి కొట్టాడనుకున్నా ఆ రెండూ ఒక బల్ల మీద ఇమడవు. అడుగు దూరంలో పెడితే పది మీటర్ల దూరం నుంచి కాల్చినట్టు అవుతుంది. ఆయన చేసిన పనికి అది న్యాయం కాదు. కాల్పుల దృశ్యం కట్టాలనుకుంటే 1/72కో 1/144కో వెళ్లండి. 1/35లో మాత్రం కాల్పులు ఆగిన మర్నాటి దృశ్యమే నిజాయితీగా ఉంటుంది: కూరుకుపోయి, సిబ్బంది వదిలేసి వెళ్లిన ప్యాటన్, పక్కన చెరకు, దాన్ని పరిశీలిస్తున్న ఇద్దరు ముగ్గురు మన జవాన్లు.

ఏ ప్యాటన్?

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. ఈ యుద్ధానికి ఎం47, ఎం48 రెండూ వచ్చాయి. రెండింటినీ ప్యాటన్ అనే పిలుస్తారు గానీ అవి వేర్వేరు బండ్లు. పక్క నుంచి చూసినప్పుడు చక్రాల పైన ట్రాక్‌ను (చక్రాల చుట్టూ తిరిగే ఉక్కు పట్టాను) మోసే చిన్న రోలర్లు మూడుంటే ఎం47, తొలినాటి ఎం48కైతే ఐదు. ఎం47 టరెట్ (గన్‌తో పాటు తిరిగే పై భాగం) ముందు సన్నగా, వెనక పొడుగ్గా సాగి ఉంటుంది. ఎం48 టరెట్ బోర్లించిన గిన్నెలా గుండ్రం. ఎం47లో ఐదుగురు కూర్చుంటారు, ముందు భాగంలో మెషీన్ గన్ ఉంటుంది. ఎం48లో నలుగురే, ఆ గన్ లేదు. ఎం47 సైలెన్సర్లు వెనక ఫెండర్ల మీద బయటికే కనిపిస్తాయి.

ఇక కిట్ల విషయంలో రెండు ఉచ్చులున్నాయి. ఎం48లో బాగా దొరికేది తమియా ఎం48ఏ3. మంచి కిట్టే గానీ అది వియత్నాంలో వాడిన డీజిల్ రకం. పాకిస్తాన్ దగ్గర అప్పుడున్నవి పెట్రోల్ ఇంజిన్‌వి, వాటి వెనక డెక్ (ఇంజిన్ పైకప్పు) పూర్తిగా వేరు. పెట్టెలో ఉన్నది ఉన్నట్టు కడితే 1965కు సరిపోదు. రెండో ఉచ్చు ఎం47ఎం. అది ఈ యుద్ధం తర్వాత డీజిల్ ఇంజిన్‌తో మార్చిన రకం. అందుకే నా సలహా మామూలు ఎం47. ఇటాలెరీ కిట్ పాతది, చవక, భాగాలు తక్కువ. టాకోమ్ కిట్ కొత్తది, వివరం ఎక్కువ. ఇది మీ మొదటి ట్యాంకైతే ఇటాలెరీ చాలు. మిగిలిన డబ్బు రంగుల మీద పెట్టండి.

కొలతలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. ఎం47 వెడల్పు 3.51 మీటర్లు, అంటే మోడల్ మీద 100 మిల్లీమీటర్లు. గన్ ముందుకు ఉన్నప్పుడు పొడవు 8.51 మీటర్లు, అంటే 243 మిల్లీమీటర్లు. 175 సెంటీమీటర్ల మనిషి 50 మిల్లీమీటర్లు. బేస్ సైజు, చెరకు ఎత్తు, నీటి లోతు అన్నీ వీటి పక్కన పెట్టి చూసుకోవాల్సినవే.

ఫొటోలు చూసే పద్ధతి

ఒకే ట్యాంకు ఫొటోను ఆధారంగా పెట్టుకోండి. పది ఫొటోల్లోంచి తలా ఒక వివరం తీసుకుంటే ఎక్కడా లేని ట్యాంకు తయారవుతుంది. ఆ ఫొటోలో కనిపించని వైపు కోసం మాత్రమే మిగతా ఫొటోలు చూడండి. మహారాష్ట్రలోని అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్) కావల్రీ ట్యాంక్ మ్యూజియం లాంటి చోట్ల నిలబెట్టిన ట్యాంకులు ఆకారం తెలుసుకోవడానికి చాలా పనికొస్తాయి: బోల్టులు, వెల్డింగ్ గీతలు, పోత ఉక్కు గరుకుతనం. వాటి రంగును మాత్రం నమ్మకండి. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు పెయింట్ వేసి ఉంటారు. బ్లాక్ అండ్ వైట్ ఫొటో నుంచి రంగు చెప్పడం కుదరదు గానీ రెండు చోట్ల మధ్య తేడా చెప్పవచ్చు. ఎక్కడ దుమ్ము, ఎక్కడ తడి, ఎక్కడ మసి అన్నది అందులో బాగా తెలుస్తుంది.

కట్టడం

సైడ్ కట్టర్, సన్నని బ్లేడు కత్తి, 400 నుంచి 1000 వరకు ఎమరీ కాగితాలు, పల్చటి ప్లాస్టిక్ సిమెంట్, ఫెవిక్విక్, చేతి డ్రిల్లు, పట్టకారు. మొదలు పెట్టడానికి ఇవి చాలు. భాగాన్ని ఫ్రేమ్ నుంచి కోసేటప్పుడు కాస్త దూరంగా ఒక కోత, తర్వాత దగ్గరగా ఇంకో కోత వేయండి. ఒకేసారి అంచుకు కోస్తే ప్లాస్టిక్ తెల్లబడి గుంట పడుతుంది. ఫ్రేములన్నింటినీ ముందే గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో కడిగి ఆరబెట్టండి. అచ్చు నూనె మిగిలిపోతే రంగు పట్టదు.

చక్రాల దగ్గర ఆగండి. కిట్ సూచనల ప్రకారం కడితే చక్రాలన్నీ ఒకే వరుసలో, సిమెంటు గచ్చు మీద నిలబడ్డట్టు ఉంటాయి. మన ట్యాంకు ఒక పక్కకు కుంగింది. ఎం47కు పక్కకు ఆరు చక్రాలు. ఒక్కో చక్రం టార్షన్ బార్ (మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ) మీద విడిగా పైకీ కిందికీ కదులుతుంది. చక్రాన్ని బాడీకి కలిపే చేతులను అదే కోణంలో పట్టి ఉంచే చిన్న మొనను కోసేసి, నేల ఎత్తుపల్లాలను బట్టి ఒక్కో చేతిని వేరే కోణంలో అంటించాలి. అందుకే బాడీ కింది భాగం కట్టగానే పని ఆపి, బేస్ మీద నేల ఆకారాన్ని ముందు సిద్ధం చేసుకోవాలి. బాడీని ఆ నేల మీద పెట్టి, వంపు చూసి, అప్పుడు చక్రాలు అంటించండి. ఈ ఒక్క పని మోడల్‌కు బరువు తెస్తుంది. నలభై టన్నులకు పైబడ్డ ఉక్కు నేలలో దిగినట్టు కనిపించాలంటే దీనికి మించిన ఉపాయం లేదు.

ట్రాక్‌ను విడి లింకులతో కట్టుకోవడం మేలు. పైన రోలర్లు మోస్తున్నాయి కాబట్టి రోలర్ల మధ్య కొద్దిగా జారితే చాలు, జర్మన్ టైగర్ ట్రాక్‌లా వేలాడకూడదు. టరెట్ పోత ఉక్కుది, నున్నగా ఉండకూడదు. పల్చటి సిమెంట్ పూసి, అది మెత్తబరిచిన ప్లాస్టిక్‌ను గట్టి బ్రష్ మొనతో పొడవండి. ఆరాక ఎమరీతో తేలిగ్గా ఒక్కసారి రుద్దితే అసలు పోత గరుకు వస్తుంది. యాంటెన్నాకు కిట్ ఫ్రేమ్ ముక్కను కొవ్వొత్తి దగ్గర వేడి చేసి లాగితే వెంట్రుకంత సన్నటి పుల్ల వస్తుంది.

రంగు

ముందు ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే తొలి పూత) వేయండి. బూడిద రంగు అయితే అతుకుల్లో లోపాలు బయటపడతాయి. అమెరికా నుంచి వచ్చిన బండి కాబట్టి ఆధార రంగు ఆలివ్ డ్రాబ్. తమియా ఎక్స్ఎఫ్-62 దానికి దగ్గర. సీసాలోంచి తీసినది తీసినట్టు కొడితే చిన్న మోడల్ మీద మరీ ముదురుగా కనిపిస్తుంది. దూరం నుంచి చూసే బండి రంగు గాలిలో తేలికపడుతుంది కాబట్టి అయిదింట ఒక వంతు బఫ్ (లేత ఇసుక) రంగు కలపండి. ఎయిర్‌బ్రష్‌కు రంగు ఒక పాలు, థిన్నర్ ఒకటి లేదా ఒకటిన్నర పాళ్లు, ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్ఐ. పై తలాలకు ఇంకొంచెం లేత రంగు, కింది తలాలకు అసలు రంగు కొడితే ఎండ పైనుంచి పడుతున్నట్టు ఉంటుంది. ఎయిర్‌బ్రష్ లేనివాళ్లు వెడల్పు బ్రష్‌తో పల్చగా మూడు నాలుగు పూతలు వేయండి. బురద, దుమ్ము చాలావరకు కప్పేస్తాయి కాబట్టి ఈ దృశ్యానికి అదీ నడుస్తుంది.

విశాఖ, విజయవాడ, కాకినాడ వైపు ఉండేవాళ్లు వానాకాలంలో లాకర్ రంగులు, వార్నిష్ కొట్టకండి. గాలిలో తేమ పూతలో చిక్కుకుని తెల్లటి మబ్బులా నిలిచిపోతుంది. పొడిగా ఉన్న రోజు చూసుకోండి, లేదా ఏసీ గదిలో గంట ఉంచాక కొట్టండి. కిటికీ తెరిచి, మాస్క్ పెట్టుకునే ఈ పని చేయాలి.

గుర్తుల విషయంలో మీరు ఎంచుకున్న ఫొటోలో ఏముంటే అదే వేయండి. కిట్‌తో వచ్చే డెకాల్స్‌లో (నీళ్లలో తడిపి అంటించే గుర్తుల్లో) చాలావరకు అమెరికా, నాటో సైన్యాలవి ఉంటాయి. అంకెలు కావాలంటే ఇంక్‌జెట్ డెకాల్ కాగితం మీద ప్రింట్ తీసుకోవచ్చు. తెల్ల అంకెలకు మాత్రం మామూలు ప్రింటర్ పనికిరాదు. సన్నని టేపుతో స్టెన్సిల్ చేసి కొట్టుకోవాలి. డెకాల్ అంటించే చోట ముందు మెరిసే (గ్లాసీ) వార్నిష్ వేయండి. గరుకు మీద అంటిస్తే అడుగున గాలి చిక్కి మెరుస్తుంది.

తుప్పు తక్కువ, బురద ఎక్కువ

పాతబడ్డట్టు చూపించాలన్న ఉత్సాహంలో మంచి మోడళ్లు ఎన్నో పాడవుతాయి. ఈ ట్యాంకు వయసు ఎంత? అమెరికా సాయం కింద 1950ల్లో వచ్చి, కంటోన్మెంట్‌లో శుభ్రంగా ఉండి, నాలుగు రోజులు పొలాల్లో తిరిగిన బండి. దానికి నిలువెల్లా తుప్పు కారడం అబద్ధం. పెయింట్ పోయేది సిబ్బంది ఎక్కి దిగే చోట, హ్యాచ్ అంచుల్లో, పనిముట్ల క్లిప్పుల దగ్గర. అక్కడ స్పాంజి ముక్కతో ముదురు గోధుమ రంగు కొన్ని చుక్కలు చాలు. సైలెన్సర్లు మాత్రం నిజంగానే తుప్పు పడతాయి. వేడికి పెయింట్ కాలిపోయి కొద్ది నెలల్లోనే ఎర్రగా మారతాయి. మీ తుప్పు ముచ్చట అక్కడ తీర్చుకోండి.

గీతల్లో, బోల్టుల చుట్టూ ముదురు గోధుమ రంగు నూనె పెయింట్‌ను వైట్ స్పిరిట్‌లో పల్చగా కలిపి సన్నని బ్రష్‌తో తాకించండి. ఒళ్లంతా పారించకండి. ఎక్కువైతే ద్రవం అతుకుల్లోకి దిగి ప్లాస్టిక్ పగులుతుంది. ట్రాక్‌లో రబ్బరు ప్యాడ్లు ఉన్నాయా, ఉక్కా అన్నది ఫొటోలో చూడండి. రబ్బరు లోహంలా మెరవదు. నేలకు తగిలే చోట మెరుపు ఉక్కుకే.

బురదకు ఒక్కటే నియమం: ట్యాంకుకు అంటుకున్న బురద, బేస్ మీద బురద ఒకే గిన్నెలోంచి రావాలి. రంగు ఏ కొంచెం తేడా వచ్చినా ట్యాంకును ఎక్కడినుంచో తెచ్చి పెట్టినట్టు ఉంటుంది. జల్లించిన మట్టి, వాల్ పుట్టీ, పలుచన చేసిన ఫెవికాల్, యాక్రిలిక్ రంగు కలిపి ఒక డబ్బా నిండా ముందే చేసుకుని మూత బిగించండి. చక్రాల అడుగున తడి బురద, ముదురుగా, కాస్త మెరుపుతో. దాని పైన సగం ఆరిన బురద, మెరుపు లేకుండా. ఫెండర్ల మీద పూర్తిగా ఆరిన చిందులు, లేత రంగులో. ఈ మూడు పొరలూ విడివిడిగా, ఒకటి ఆరాక ఇంకొకటి వేయాలి.

నేల, నీళ్లు, చెరకు

ఇంటి పెరట్లో మట్టి తీసుకోవాలనిపిస్తుంది. తెలంగాణ ఎర్రమట్టి, కర్నూలు నల్లరేగడి ఇక్కడ పనికిరావు. పంజాబ్ మైదానం నదులు తెచ్చిన ఒండ్రు. ఆరితే లేత బూడిద కలిసిన గోధుమ రంగు, తడిస్తే ముదురు. గోదావరి, కృష్ణా కాలవ గట్ల ఒండ్రు దానికి దగ్గరగా ఉంటుంది. దొరకనివాళ్లు ఏ మట్టైనా తీసుకుని పైన రంగు వేసుకోవచ్చు. మట్టిని పెనం మీద వేయించండి, పురుగు, బూజు పట్టవు. తర్వాత వస్త్రగాలితం పట్టండి. మోడల్ మీద ఒక మిల్లీమీటర్ రేణువు అసలు కొలతలో 35 మిల్లీమీటర్ల గులకరాయి, అలాంటి రాళ్లు ఆ పొలాల్లో ఉండవు.

బేస్‌కు 30 బై 25 సెంటీమీటర్ల చెక్క సరిపోతుంది. ట్యాంకును అంచులకు సమాంతరంగా పెట్టకుండా కొంచెం ఏటవాలుగా, మధ్య నుంచి కాస్త పక్కకు పెట్టండి. చెక్క మీద థర్మకోల్ కన్నా గట్టి ఫోమ్ షీట్ అంటించి, పొలం గట్టు, కాలవ వైపు పల్లం చెక్కండి. దాని మీద పుట్టీ పొర. అది మెత్తగా ఉండగానే ట్రాక్ మిగులు ముక్కతో ట్యాంకు వచ్చిన దారంతా అచ్చులు వేయండి. కూరుకుపోయిన ట్యాంకు ముందుకూ వెనక్కూ కొట్టుకుని ఉంటుంది కాబట్టి ట్రాక్ వెనక నేల బాగా చిలికినట్టు, పక్కలకు బురద ఎగదన్నినట్టు ఉండాలి.

నీళ్లు చూపించడానికి, రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పారదర్శక ఎపాక్సీ రెసిన్ వాడండి. పోసే ముందు నేలంతా వార్నిష్‌తో మూయాలి, లేకపోతే గాలి బుడగలు పైకి వస్తూనే ఉంటాయి. అంచులకు ఓహెచ్‌పీ షీట్ (పారదర్శక ప్లాస్టిక్ షీట్) కట్టి, సందులను టేపుతో బిగించండి. రెసిన్‌లో మట్టి రంగు పిగ్మెంట్ (రంగు పొడి) కొంచెం కలిపి మసకగా చేయండి. యుద్ధం జరిగిన పొలంలో నీళ్లు తేటగా ఉండవు. ఒక్కో పొర 2, 3 మిల్లీమీటర్లకు మించకుండా పోసి, మధ్య ఒక రోజు ఆగండి. మందంగా పోస్తే వేడెక్కి ఫోమ్ కరిగే ప్రమాదం ఉంది. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. సెప్టెంబర్ 11 దృశ్యమైతే నీళ్లు కొంత ఇంకి ఉంటాయి, కాబట్టి మొత్తం చెరువులా నింపకుండా ట్రాక్ గుంటల్లో, పల్లాల్లో మాత్రమే నిలపండి.

చెరకు కొని తేవక్కర్లేదు. మూడు సెంటీమీటర్ల మందం గడ 1/35లో ఒక మిల్లీమీటర్ లోపే. కొబ్బరి ఈనెల చీపురు పుల్లలు సరిగ్గా ఆ మందంలో ఉంటాయి. రెండున్నర మీటర్ల ఎత్తుకు ఏడు సెంటీమీటర్ల ముక్కలు కోసి, అర సెంటీమీటర్‌కు ఒకచోట బాల్‌పెన్‌తో కణుపు గీయండి. ఆకులకు పల్చటి కాగితానికి రెండు వైపులా ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగు వేసి, మిల్లీమీటర్ వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల పొడవు పీలికలు కోయాలి. మధ్యలో గోటితో మడత పెడితే ఈనె గీత పడుతుంది. ఒక్కో గడకు ఎనిమిది, పది ఆకులు, మొదలు దగ్గర ఒకటి రెండు ఎండు ఆకులు. విసుగు పుట్టించే పని, అయినా తొందరపడకండి. ఈ యుద్ధంలో సెంచూరియన్లను దాచింది ఆ చెరకే. సాళ్ల మధ్య రెండున్నర సెంటీమీటర్లు వదిలి వరసగా నాటండి. రైతు వేసిన పంట అడవిలా ఉండదు. ట్యాంకు వచ్చిన దారిలో గడలు విరిగి, ఆ దిక్కుకే వాలి ఉండాలి.

జవాన్లు

మన సైనికులకు సరిగ్గా సరిపోయే సెట్లు తక్కువ. బ్రిటిష్ రెండో ప్రపంచ యుద్ధపు బొమ్మలు మంచి ఆధారం. శరీరాలు అవి తీసుకుని, తలపాగాలను రెండు పాళ్ల ఎపాక్సీ పుట్టీతో చుట్టుకోవచ్చు. ఎం-సీల్‌తోనూ వస్తుంది గానీ కాస్త గరుకు. సన్నని పట్టీలు చేసి, ఒకదాని మీద ఒకటి పరుస్తూ, తడి చెక్కపుల్లతో మడతలు నొక్కండి. యూనిఫాం ఆలివ్ గ్రీన్. దాన్ని ట్యాంకు రంగులో కలిపేయకండి. బట్ట కొంచెం ఆకుపచ్చ వైపు, కొంచెం లేతగా ఉంటే ట్యాంకు ముందు మనిషి విడిగా కనిపిస్తాడు. చర్మానికి పాశ్చాత్య కంపెనీల ఫ్లెష్ రంగు వాడితే మన జవాను మనవాడిలా ఉండడు. గోధుమ రంగు ఆధారంగా తీసుకుని, ఎర్రటి గోధుమ నీడకు, పసుపు గోధుమ వెలుగుకు వాడండి.

ముగ్గురికి మించి వద్దు. ఒకరు గన్ కింద నిలబడి పైకి చూస్తూ, ఒకరు తెరిచిన హ్యాచ్ దగ్గర, ఇంకొకరు గట్టు మీద. విజయోత్సవంలా చేతులు పైకెత్తిన బొమ్మలు నేను వాడను. మూడు రోజులు నిద్రలేకుండా పోరాడి, తోటివాళ్లను పోగొట్టుకున్న మనుషులు వీళ్లు. వాళ్ల నిలబడే తీరులో ఆ అలసట కనిపించాలి.

చివరి కూర్పు

ట్యాంకును నేలకు అంటించేటప్పుడు ట్రాక్ కిందా చుట్టూ అదే డబ్బాలోని బురద పూసి, అది తడిగా ఉండగానే గట్టిగా అదమండి. ట్రాక్‌కు, నేలకు మధ్య సందు ఎక్కడా కనిపించకూడదు. ఫోన్ కెమెరాను నేల మట్టంలో పెట్టి అన్ని వైపులా ఫొటోలు తీయండి. కంటికి దొరకని సందులు, మిగిలిపోయిన మెరుపులు ఫొటోలో దొరుకుతాయి. ఆ ఫొటోలను బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి మీ ఆధార ఫొటో పక్కన పెట్టి చూడండి. దుమ్ము, తడి, నీడల తేడాలు రెండింటిలో ఒకేలా ఉంటే పని అయినట్టే. లేకపోతే ఏ పొర తప్పిందో అక్కడే తెలిసిపోతుంది, సరిదిద్దడానికి పిగ్మెంట్ చాలు.

పేరు పలక మీద ట్యాంకు రకం, గ్రామం, తేదీ రాయండి. యాక్రిలిక్ పెట్టె చేయించండి. కాగితం ఆకుల మీద దుమ్ము పడితే తుడవడం కుదరదు. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన మాత్రం పెట్టకండి, రెసిన్ నీళ్లు పసుపెక్కుతాయి, మన మే నెల వేడికి సన్నని ప్లాస్టిక్ భాగాలు వంగుతాయి.